మామిడి చేతుల కూర్మయ్య

డ్రిల్లు మాస్టారు గిరిబాబు మా జట్టులో అందరినీ ఒక్కొక్క ఫొటో తెమ్మని, కూర్మయ్యను మాత్రం రెండు తెమ్మన్నాడు. అనుమానం అక్కడ మొదలైంది.

"రెండోదెందుకు మాస్టారూ?"

"ఉండనీ కూర్మయ్యా. పని పడొచ్చు."

పాస్‌పోర్టు ఫొటోకి ఏం పని పడుతుంది? ఒకటి మన జట్టు లిస్టులో అంటిస్తారు. రెండోది ఇంకో జట్టు లిస్టులో అంటించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. స్కూలు గేటు దాటేలోపే కూర్మయ్య ఈ సంగతి తేల్చేసుకున్నాడు.

గజపతినగరం పక్కన మా ఊళ్లో బేస్‌బాల్ జట్టు ఉందంటే బయటివాళ్లు నమ్మరు. నేను చెబితే అసలే నమ్మరు. కానీ ఉంది. ఆరేళ్ల కిందట గిరిబాబు మా హైస్కూలుకి బదిలీ అయి వస్తూ ఒక గోనెసంచిలో నాలుగు బ్యాట్లూ పదకొండు గ్లవ్‌లూ వేసుకొచ్చాడు. మొదటి ఆదివారం ఊళ్లో మగాళ్లను పోగుచేసి, బంతిని పైకి కొట్టి పట్టుకోమన్నాడు. పద్నాలుగు మంది వచ్చారు. పద్నాలుగు మందీ పట్టుకున్నారు. ఒక్క బంతి కూడా నేలను తాకలేదు. ఇలాంటి ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉండదని గిరిబాబు మురిసిపోయాడు.

అది మా గొప్ప కాదు, మామిడి గొప్ప. మా వైపు సువర్ణరేఖ కోతల్లో ఒకడు చెట్టెక్కి కాయ తెంపి వదులుతాడు, కిందివాడు గోనె కప్పిన చేతులతో అందుకుంటాడు. కాయ నేల మీద పడితే దెబ్బ తింటుంది. దెబ్బ తిన్న కాయ ఒక్కటి కనిపించినా షావుకారు తట్టంతా తిప్పి పంపేస్తాడు. అందుకని పదేళ్లొచ్చేసరికి మా వాళ్లకి ఆకాశం నుంచి ఊడిపడేది ఏదైనా సరే పట్టుకోవడం వచ్చేస్తుంది.

నెల తిరిగేసరికి గిరిబాబు తల పట్టుకున్నాడు. నేల మీద దొర్లుకుంటూ వచ్చే బంతి ఒక్కడికీ చిక్కదు. బేస్‌బాల్ మైదానంలో వెనక భాగాన్ని అవుట్‌ఫీల్డ్ అంటారు. పైకి లేచిన బంతులు అక్కడే దిగుతాయి, అక్కడ నిలబడేది ముగ్గురే. మా జట్టులో తొమ్మిది మంది అక్కడే నిలబడతామని పట్టుబట్టారు. ఆ మూడింట్లో నడిమి చోటు సెంటర్ ఫీల్డ్. అది మొదటి రోజు నుంచీ కూర్మయ్యది.

కూర్మయ్యకి ముప్ఫై నాలుగేళ్లు. చేతులు మోకాళ్ల దాకా ఉంటాయి. బస్సులో కండక్టరు టికెట్టు ఇస్తే వెలుగుకి పట్టి చూస్తాడు. తన పెళ్లిలో ముహూర్తం వేళకి పురోహితుడి వాచీని ఇంకో రెండు వాచీలతో సరిచూసుకున్నాడు. చెట్టెక్కేటప్పుడు ప్రతి కొమ్మనీ అనుమానిస్తాడు కాబట్టి ఇరవయ్యేళ్లలో ఒక్కసారీ పడలేదు.

సెంటర్ ఫీల్డులో అతన్ని చూడాలి. ఒకసారి విజయనగరం జట్టువాడు కొట్టిన బంతి ఎంత పైకి పోయిందంటే, గద్దలు రెండు పక్కకి తప్పుకున్నాయి. కొట్టినవాడు మంచినీళ్లు తాగి వచ్చాడు. కూర్మయ్య ఊడిన బూటు లేసు కట్టుకుని, లేచి, చెయ్యి చాపాడు. బంతి వచ్చి చేతిలో కూర్చుంది.

చిక్కు ఆ తరవాతే. బంతి పట్టుకోగానే విసరాలి. ఎందుకంటే బంతి చేతిలో పడ్డ మరుక్షణం మూడో బేసు మీదున్న రన్నరు ఆఖరిదైన హోమ్ బేసుకి పరుగెత్తి పాయింటు చేసుకోవచ్చు. కానీ కాయ పట్టినవాడు కాయని విసరడు. సొన కారకుండా తొడిమ కిందికి పెట్టి గడ్డి మీద పదిలంగా పడుకోబెడతాడు. కిందటేడు లీగ్ సెమీఫైనల్ ఆఖర్లో కూర్మయ్య అందమైన క్యాచ్ పట్టి, మోకాళ్ల మీద కూర్చుని, బంతికి తొడిమ ఎటుందా అని తిప్పి చూసి, మెల్లగా గడ్డి మీద పెట్టాడు. అవతల రన్నరు నడుచుకుంటూ వచ్చి పాయింటు పట్టుకుపోయాడు. ఒక్క పాయింటుతో ఓడాం. ఆ సంగతి అందరూ మరిచిపోయారని కూర్మయ్య అనుకుంటాడు. ఎవరూ మరిచిపోలేదు.

ఈ ఏడు జట్టులోకి ధనరాజు వచ్చాడు. పంతొమ్మిదేళ్లు, విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాడు. క్యాచ్ అందరిలాగే పడతాడు. విసురుడు మాత్రం వేరు. వాడు వెనకనుంచి విసిరిన బంతి గాలికి అంపైరు టోపీ ఎగిరిపోతే ఏరి ఇచ్చింది నేనే, కాబట్టి దీనికి సాక్షి కూడా ఉన్నాడు. పైగా వాడు కూర్మయ్యను "మావా" అంటాడు, ఆట మధ్యలో మంచినీళ్లు తెచ్చి ఇస్తాడు. ఈ నీళ్ల మర్యాద మీద కూర్మయ్యకి ఫొటో మీదకన్నా ఎక్కువ అనుమానం.

ఆ రాత్రి అన్నం దగ్గర భార్య తులసితో అన్నాడు.

"ఒలే, నన్ను మార్సేస్తన్నారే."

లీగ్ మొదలయ్యే ముందు రెండు జట్లు ఒప్పుకుంటే ఆటగాళ్లను మార్చుకోవచ్చు. ఆటగాడి సంతకం కావాలి. ఇది తులసికీ తెలుసు.

"ఎవుల్తో?"

"కొత్తవలసోళ్ల కాడ బంతి ఏసేవోళ్లు ఇద్దరున్నారు. మనకి ఒక్కడూ సరిగ్గా నేడు. ఆళ్లలో ఒకడితో."

"ఆడికి వంటొచ్చేటి?"

"ఆడు జట్టులోకి వస్తాడే, ఇంట్లోకి కాదు."

"అయితే నాకేటి లాభం?"

"నీకు నవ్వులాటగున్నాది. ఆరేళ్లు నిలబడ్డ సోటు అది."

తులసి నవ్వు ఆపింది. "మాస్టారు సెప్పేరా నీకు?"

"సెప్పలేదు. అదే అనుమానం."

"సెప్తేనో?"

"సెప్తే ఇంకా అనుమానం."

"నీతో ఎలగ మావా," అని తులసి అతని కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.

తరవాతి ఆదివారం ప్రాక్టీసు లేదని గిరిబాబు కబురు పెట్టాడు. ఆరేళ్లలో ఏ ఆదివారమూ అలా చెప్పలేదు. కూర్మయ్య పొద్దున్నే స్టేషనుకి వెళ్లి కాపు కాశాడు. అనుకున్నట్టే మాస్టారు వచ్చి పాసింజరెక్కాడు. కూర్మయ్య తలకి తువ్వాలు చుట్టుకుని వెనక పెట్టెలో ఎక్కాడు. చైత్రమాసపు ఎండకి పెట్టెలో సగం మంది అలాగే చుట్టుకుని ఉన్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కొత్తవలస స్టేషను బయట టీ దుకాణంలో గిరిబాబు కోసం జగన్నాధం ఎదురుచూస్తున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, కొత్తవలస జట్టుకి కోచ్. కూర్మయ్య వాళ్ల వెనక బల్ల మీద పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

బల్ల మీద గిరిబాబు నాలుగు టీ గ్లాసులు పెట్టాడు. అవి బేసులు. వాటి వెనక వరసగా మూడు సమోసాలు. అవుట్‌ఫీల్డ్. పేపరు అంచు మీదుగా కూర్మయ్య చూస్తుండగానే గిరిబాబు నడిమి సమోసాను జగన్నాధం వైపు జరిపాడు.

జగన్నాధం తల అడ్డంగా ఊపి దాన్ని మళ్లీ ఇటు తోసేశాడు. దాని పక్కనున్న సమోసా మీద వేలు పెట్టాడు. గిరిబాబు చటుక్కున ఆ పక్క సమోసాను తీసి నోట్లో వేసుకున్నాడు.

నడిమి సమోసా ఎవరికీ అక్కర్లేనట్టు బల్ల మధ్యలో మిగిలింది.

ఇచ్చేస్తానన్నందుకు కూర్మయ్యకి ఒళ్లు మండింది. వద్దన్నందుకు ఇంకా ఎక్కువ మండింది. "ఓసారి వచ్చి కళ్లతో చూడండి, తరవాతే మాట్లాడదాం," అని గిరిబాబు అనడం వినిపించింది. తిరుగు రైల్లో కూర్మయ్య ఒకటే నిర్ణయించుకున్నాడు. ఆ పెద్దమనిషి చూస్తుండగా ఒక్క బంతీ పట్టకూడదు. పట్టనివాణ్ణి ఎవరూ తీసుకుపోరు. తీసుకుపోకపోతే తన చోటు తనకుంటుంది.

వారం తిరిగేసరికి జగన్నాధం నోటుబుక్కుతో మా మైదానానికి వచ్చాడు.

గిరిబాబు మొదటి బంతి పైకి కొట్టాడు. కూర్మయ్య చేతులు కిందికే వేలాడేసుకుని నిలబడ్డాడు. బంతి నెత్తి మీదికి వచ్చేసరికి అవి వాటంతటవే లేచి పట్టేసుకున్నాయి. రెండో బంతికి చేతులు వీపు వెనక కట్టుకున్నాడు. ఆఖరి క్షణంలో కుడిచెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది. మూడోదానికి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చప్పుడు విని కళ్లు తెరిస్తే బంతి గ్లవ్‌లో ఉంది. పుట్టి బుద్ధెరిగాక దేన్నీ నేల మీద పడనివ్వని చేతులు, ఈ ఒక్కరోజుకి వాటికి నచ్చజెప్పడం అతని వల్ల కాలేదు. మూడుసార్లూ మోకాళ్ల మీద కూర్చుని బంతిని గడ్డి మీద పడుకోబెట్టాడు. గిరిబాబు తల దించుకున్నాడు.

జగన్నాధం నోటుబుక్కు మూసి మైదానం మధ్యకి నడిచి వచ్చాడు.

"ఏం బాబూ, పడేద్దామనుకున్నావా?"

"నానెందుకు పడేస్తాను?"

"మూడోసారి కళ్లు మూసుకున్నావు."

"ఎండ."

"ఎండ నీ వీపున పడుతోంది."

జగన్నాధం నాలుగు బంతులు జేబుల్లో కుక్కుకుని పదడుగులు వెనక్కి వెళ్లి, చెప్పకుండా విసరడం మొదలుపెట్టాడు. రెండు మోకాళ్ల పక్కకి. ఒకటి నెత్తి మీదికి. ఒకటి పాదాల ముందు నేలకి కొట్టుకుని పక్కకి తిరిగింది. కొమ్మకి తగిలి దారి మార్చుకునే కాయలు కూర్మయ్యకి కొత్త కాదు. నాలుగూ పట్టాడు.

"మా వాళ్లు విసిరేవి ఇంతకన్నా ఘోరంగా ఉంటాయి," అన్నాడు జగన్నాధం గిరిబాబు వైపు తిరిగి. "సెంటర్‌కి వద్దుగానీ ఫస్ట్ బేసుకి ఇతను కావాలి. బదులు బంతి వేసే పిచ్చర్‌ని పంపుతాను." తరవాత కూర్మయ్యతో, "అక్కడ నీ పని ఒక్కటే. కాలు బేసు మీద పెట్టి, మావాళ్లు ఎలా విసిరినా పట్టుకోవడం. పట్టావా, కొట్టినవాడు అవుట్. ఆ తరవాత చాలామట్టుకు నీ ఇష్టం. కింద పెట్టుకో, పడుకోబెట్టుకో."

కూర్మయ్య గిరిబాబును చూశాడు. "రెండో ఫొటో ఇందుకే కదేటి?"

"ఇందుకే."

"మొహం మీద సెప్పొచ్చు కదా మాస్టారూ."

"చెప్పడానికి నోరు రాలేదు కూర్మయ్యా. వాళ్లు ధనరాజుని అడిగారు. వాణ్ణి ఇవ్వనన్నాను, నిన్నిస్తానన్నాను."

"సంతకం పెట్టనంటే?"

"ఇక్కడే ఉంటావు. కానీ సెంటర్‌లో ధనరాజు నిలబడతాడు. నువ్వు బయట బల్ల మీద కూర్చోవాలి."

మిగతావాళ్లంతా దగ్గరికి చేరారు. కూర్మయ్య గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని మూడో బేసు దగ్గరికి నడిచాడు.

"ఒరే ధనరాజూ, ఎల్లి సెంటర్‌లో నిలబడు. మాస్టారూ, పైకి కొట్టండి. నాను పరిగెడతాను. ఈడు నన్నవుట్ సేస్తాడో నేదో సూస్తాను."

బంతి లేచింది. ధనరాజు పట్టాడు. కూర్మయ్య చచ్చేట్టు పరుగెత్తాడు. సగం దూరం వెళ్లేసరికే బంతి హోమ్ బేసు దగ్గర క్యాచర్ చేతిలో ఉంది.

"మళ్లీ," అన్నాడు.

రెండోసారీ అంతే. మూడోసారి కూర్మయ్య మోసం చేశాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే బయల్దేరాడు. అయినా అతనికంటే బంతే ముందొచ్చింది. కూర్మయ్య నడుము మీద చేతులేసుకుని కాసేపు రొప్పాడు. వెనక్కి తిరిగి, అంత దూరంలో నిలబడ్డ ధనరాజుని చూశాడు.

"కాయితం తెండి," అన్నాడు.

కాగితం రెండు వైపులా మూడుసార్లు చదివాడు. ఎండకి పట్టి చూశాడు.

"మీకు ఫస్ట్ బేసుకి ఎంతమందున్నారు?"

"ఒక్కడూ లేడు," అన్నాడు జగన్నాధం.

"ఒక్కడూ ఎందుకు నేడు?"

"ఉన్నవాడికి రాయపూర్‌లో ఉద్యోగం వచ్చింది."

"ఏం ఉద్యోగం?"

"సంతకం పెట్టు బాబూ, నా రైలు పోతుంది."

పెట్టాడు. జగన్నాధం వెళ్లిపోయాడు. కూర్మయ్య మాత్రం ఇంటికి పోకుండా సెంటర్ ఫీల్డుకి వెళ్లాడు. ధనరాజు సంకోచిస్తూ పక్కకి జరిగాడు.

"నాకు తెలీదు మావా, నిజంగా. నాకెవులూ సెప్పలేదు."

"సెప్పినా నమ్మనులే. ఇటు రా." కూర్మయ్య వాడి భుజాలు పట్టి నిలబెట్టాడు. "సాయంత్రం నాలుగు దాటితే ఎండ ఈ వైపునుంచి కళ్లలో పడతాది. అప్పుడు బంతిని సూడకు, కొట్టేవోడి భుజం సూడు. కొండ గాలొస్తే ఎడమకి నాలుగడుగులు. వాన పడ్డాక ఇక్కడ నేల జారుతాది, మడమ గట్టిగా ఆన్చు."

ధనరాజు ప్రతిదానికీ తల ఊపాడు. కూర్మయ్య గ్లవ్ భుజాన వేసుకుని నాలుగడుగులు వేశాడు.

"ఇంతేనా మావా? ఇంకేటీ నేదా?"

"ఒక్కటున్నాది."

"ఏటది?"

"వచ్చే నెల మా కొత్తవలసకీ మీకూ ఆట. అదయ్యాక సెప్తాను."

"మా కొత్తవలస" అనడం ధనరాజు చెవిన పడ్డట్టు లేదు. కూర్మయ్య మలుపు తిరిగి కనిపించకుండా పోయాక, వాడు ఆ ఒక్కటీ ఏమిటా అని సెంటర్ ఫీల్డులో ఒక్కొక్క అడుగే వేస్తూ, పాదంతో నేలను నొక్కి చూసుకుంటూ, పొద్దుపోయేదాకా అక్కడే తిరిగాడు.