దఫేదారు ముట్టని పాలు

మా దఫేదారు పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను వై.ఎన్.హొసకోట బస్సులో ఉన్నాను. పోలీసాయన పోతే ఏడ్చే ఇల్లు కూడా ఉంటుందా అంటే, నాగలమడికలో మా ఇల్లు చూపిస్తాను.

అప్పట్లో సోలార్ ప్లేట్ల పక్కన దొడ్డి వేసుకున్న ఒకడు గంజాయి ఇచ్చేవాడు. డబ్బు ముట్టేవాడు కాదు. గొర్రెపిల్లను తోలిస్తే పొట్లాలు. గొర్రెలు కాసే మా తమ్ముడు అందులో పడ్డాడు. గొర్రెపిల్లల్ని తోడేలు ఎత్తుకుపోయిందని వాడు చెబితే, ఇంటిల్లిపాదీ తోడేలును తిట్టుకునేవాళ్లం.

దఫేదారు సోదాకు వెళ్లిన రోజు కూడా దొడ్డివాడు ధీమాగానే ఉన్నాడట.

"దుడ్డు చేతులు మారల్యా సార్. వాళ్లు గొర్రె ఇచ్చినారు, నేనేదో ఇచ్చినా. దీంట్లో యాపారం యాడుండాది?"

"దుడ్డయితే ఏంది, గొర్రయితే ఏందప్పా? ఇచ్చి పుచ్చుకుంటే యాపారమే" అన్నారట ఈయన.

పొట్లాలు దొరికాయి. కానీ గొర్రెలు ఎవరివో వాడు చెప్పలేదు. మా వైపు మందలో పుట్టిన ప్రతి పిల్లకూ ఆ ఇంటి గాటు చెవికి పెడతారు. దఫేదారు చెవులు చూసుకుంటూ ఒక్కో గడపకూ వచ్చారు. మా గుమ్మంలోకి చంకలో గొర్రెపిల్లతో వచ్చి, "ఇది మీదేనామ్మా?" అని నన్ను అడిగారు.

"దాన్ని తోడేలు ఎత్తకపోయింది కద సార్?"

"ఆ తోడేలే వాపసిచ్చినాది."

తమ్ముడి మొహం పాలిపోయింది. వీణ్ణి ఇక జైల్లోనే చూడాలి అనుకున్నాను. ఆయన మాత్రం టోపీ తీసి అరుగు మీద కూర్చున్నారు.

"కోర్టులో నిజం చెప్పప్పా. గంజాయి మానేదానికి ఆస్పత్రికి నేను తోడొస్తా. జడ్జిగారు చెప్పేదంకా దీన్ని నువ్వే మేపల్ల."

చెప్పినట్టే చేశారు. పావగడ ఆస్పత్రి బెంచీ మీద, మామూలు చొక్కాలో, వాడి పక్కనే కూర్చునేవారు. చూసినవాళ్లు మేనమామ అనుకునేవారు. వాడు సాక్ష్యం చెప్పాడు, గంజాయి మానేశాడు. ఆ రెండూ జరుగుతాయని కన్న అమ్మే నమ్మలేదు, ఆయన నమ్మారు.

కోర్టు మాకే వదిలిన ఆ గొర్రెపిల్ల పెరిగి ఈనింది. తమ్ముడు చెంబుతో పాలు తీసుకెళ్తే ఆయన చేత్తో ముట్టలేదు.

"నేనేదో చేస్తి, మీరు పాలిస్తిరి. ఇదీ మార్పిడే కదప్పా. ఎత్తకపో."

నవ్వుతూనే అన్నారు. ఒకరి బతుకును గుప్పిట్లో పట్టుకోగల మనిషి చెంబెడు పాలకు జంకడం ఇప్పటికీ నాకు అబ్బురమే. ఆ తర్వాత ఎన్ని ఈతలైనా అదే మాట, అదే చెంబు వెనక్కి.

మూడోనాడు సమాధి దగ్గర పాలు పోసే వేళ, తమ్ముడు ఆ గొర్రె పాలే తెచ్చాడు. కొంచెం కొంచెంగా పోశాడు. ఎండిన ఎర్రమట్టి చుక్క మిగల్చకుండా తాగింది. వాడు ఖాళీ చెంబు నాకు చూపించాడు.

"ఈతూరి వద్దనల్యాక్కా" అన్నాడు.