గోడ మధ్య బోరు

“మీటరు మా వైపు ఉంది, కాగితంలో పేరు మాది ఉంది. ఇందులో నేను దాచిందేముంది వదినగారూ?”

“పేరు రాయించుకొమ్మన్నం గని, అమ్ముకొమ్మన్నమా వదినె? సగం బోరు మాది గద.”

“బోరు నేనెక్కడ అమ్మాను? ఇల్లు బిల్డరుకిచ్చాం. ఇంటితో పాటే అదీ వెళ్ళింది.”

“ఇంటితోని పోయిందా. మరి మేమెటు పోవాలె?”

పోయిన ఆషాఢంలో పక్కింటి వదినెకూ నాకూ గోడకు అటూ ఇటూ నిలబడి జరిగిన మాటలివి. నిన్న డాబా మీద వడియాలు తీస్తుంటే ఎల్బీనగర్ వైపు నుంచి ఈ ఏటి తొలి మబ్బు నల్లగా లేచింది. మబ్బు చూస్తే లోకానికి చల్లగా ఉంటుంది. నేను మాత్రం చేటతో సహా అక్కడే కూలబడ్డాను.

మాది పోచంపల్లి పక్క మగ్గాల ఊరు. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెడితే వచ్చాం. పక్కింటివారు కృష్ణా జిల్లా నుంచి వచ్చారు, ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఇళ్ళు కట్టే రోజుల్లో ఇద్దరు మగవాళ్ళూ కలిసి ఒకే బోరు వేద్దామనుకున్నారు. నీళ్ళు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని రెండు జాగాలూ తిరిగితే, ఆ కాయ పోయి పోయి సరిగ్గా హద్దు మీద నిలబడింది. చేసేదేముంది, బోరు అక్కడే పడింది. గోడ దాని దగ్గరికొచ్చి ఆగి, మళ్ళీ అవతలి నుంచి మొదలవుతుంది. మేస్త్రి ఇటువంటి గోడ పుట్టి బుద్ధెరిగి కట్టలేదన్నాడు. పొద్దున వాళ్ళ వంతు, తర్వాత మా వంతు. మోటారు వేసే ముందు గోడ మీదుగా ఒక కేక. అంతకు మించి ఒప్పందం లేదు.

నీళ్ళ విషయంలో నేను కొంచెం గట్టిదాన్నే. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు నానాలి, గిన్నెలు నానిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోవాలి. “చెమట గూడ పట్టి పెట్టాల్నా అత్తమ్మా?” అంటుంది మా కోడలు. వదినె వాకిలి పైపుతో కడుగుతుంటే ఇటు నేను దగ్గేదాన్ని. ఆమె పైపు కట్టేసి, “మీ దగ్గు తగ్గిందా వదినగారూ?” అని అడిగేది.

తర్వాత సర్కారు బోర్లన్నీ రాయించుకోమంది. ఒక బోరుకు ఒకటే పేరు. “పేరు ఎవరిదైతేంది, నీళ్ళు ఇద్దరివి” అన్నాడు మా ఆయన. కాగితం వెనకే పన్ను నడిచొస్తుందని నేనూ నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఇంకుడు గుంతలన్నారు. మేము అంగుళం వదలకుండా ఇల్లు కట్టుకున్నాం, వాళ్ళకు పెరడుంది. అందుకని బోరు పక్కన వాళ్ళ జాగాలోనే గుంత తవ్వి, రెండు డాబాల పైపులూ అందులోకి దింపాం. చూడవచ్చిన ఆఫీసరు రెండిళ్ళకూ ఇది చాలని రాసుకుని పోయాడు. వాన పడితే ఆ గుంతలో చప్పుడు, గాదెలో గింజలు పోస్తున్నట్టు. ఎంత ఎండాకాలమైనా మా వీధిలో మా బోరు ఎండలేదు.

మా ఆయన పోయాడు. పక్కింటాయనకు మోకాళ్ళు పోయి మెట్లెక్కలేక, ఇల్లు ఫ్లాట్లకిచ్చేశారు. బిల్డరు మనిషి మా ఇంటికీ వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. అమ్మమ్మా అన్నాడు, టీ అడుగంటా తాగాడు, బోరు గురించి భయపడొద్దన్నాడు. నేనింకా భయపడలేదు, అతడు అన్నాకే మొదలైంది. మాట్లాడినంతసేపూ నా ముఖం వైపు చూడలేదు. డాబా అంచు నుంచి గోడ మీదుగా గుంత దాకా మా వాన పైపు వెంటే అతని చూపు దిగుతూ పోయింది.

చిన్న కొడుకును వెంటబెట్టుకుని, బోర్లు రాసుకునే ఆఫీసుకు పోయాను. అక్కడి పిల్లవాడు చెడ్డవాడేం కాదు, కుర్చీ చూపించాడు. కాగితంలో పేరున్నవాళ్ళదే బోరన్నాడు. కొత్తది వేసుకుంటామంటే, నడిచే బోరుకు అంత దగ్గర పర్మిషన్ రాదన్నాడు. సరే, నా డాబా మీది వాన నా సంపులోకి తిప్పుకుంటానన్నాను.

“పైపు తియ్యకుండ్రి అమ్మా. మీ ఇంటికి గుంత ఉన్నట్టు రికార్డుల ఉన్నది. తీస్తే నోటీసొస్తది. వేరే గుంత తవ్వి, అప్పుడు తియ్యుండ్రి.”

“తవ్వనీకి జాగ లేదు బిడ్డా. గుంత వాళ్ళది, బోరు వాళ్ళది. వాన మాత్రం నేను పంపాల్నా?”

“రూల్ అట్లున్నదమ్మా” అని కంప్యూటరు వైపు తిరిగాడు.

ఆ సాయంత్రమే గోడ దగ్గర ఆ మాటలు. చివరికి వదినె కొంగు నోటికడ్డం పెట్టుకుని, “మీకూ ఒక లైను ఇస్తానన్నాడు వదినగారూ, నా ఎదురుగానే అన్నాడు” అంది. ఆమె నమ్మింది. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది. మాట మీద నడిచిన కాలానికి కాగితం ఉండదు. అట్లా ఒక కాలం నడిచిందని చెప్పేవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోతారు. ఇంతలో చినుకులు మొదలై ఇద్దరం లోపలికి వెళ్ళిపోయాం. తెల్లవార్లూ ఎడతెగని వాన.

పొద్దున లేచేసరికి వెలిసింది. బిల్డరు మనుషులిద్దరు గోడ దగ్గర ఉన్నారు. బోరు నుంచి మా వైపు వచ్చే పైపును రంపంతో కోసి, మొండికి మూత బిగించారు. డాబా మీది నుంచి దిగే మా వాన పైపును మాత్రం ముట్టుకోలేదు. అందులోంచి నీళ్ళు ఇంకా సన్నగా గుంతలోకి పోతూనే ఉన్నాయి.