మూడో వరుసకు మాట

ఆ రోజు మా వీధిలో ఎవరూ చనిపోలేదు. అయినా పక్కింటి పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. తప్పు వాళ్ళది కాదు. ఫోన్‌కు స్పీకర్ తగిలించి, నా స్నేహితురాలి పాటను వీధంతా వినపడేటట్టు పెట్టింది నేనే.

నేను పుంగనూరులో జాకెట్లు కుడతాను. ఇంటి ముందుగదే అంగడి. నా స్నేహితురాలు మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఇంటర్మీడియట్‌లో ఒకే బెంచీ మీద కూర్చొని, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్ళం. ఎప్పుడో ఆసుపత్రి క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్ళిపోయిన విదేశీ డాక్టరమ్మ ఒకావిడ వదిలేసిన గిటారు దాని చేతికి వచ్చింది. మొదట చర్చిలో కీర్తనలకు వాయించేది. తర్వాత ఫోన్లో ఏవేవో వెతికి, ఈ బ్లూస్ అనేదాన్ని పట్టుకుంది. పరాయి దేశంలో పత్తి చేలల్లో మాడిపోయిన నల్లవాళ్ళు పాడుకున్న పాటలట. పద్ధతి చాలా సులువు. ఒక మాట పాడతారు. అదే మాట మళ్ళీ పాడతారు. మూడో వరుసలో దానికి జవాబు చెప్తారు. ఆ జవాబులో ఏడుపైనా ఉండొచ్చు, వెక్కిరింపైనా ఉండొచ్చు. ఇది నాకు చెప్పినప్పుడు, "దీనికోసం అంత దూరం పోవాల్నా? మా అత్త కూడా నన్ను అట్లనే తిడతాది, ఒకే మాట రెండుసార్లు" అన్నాను. అది నవ్వింది కానీ పాట మానలేదు.

దాని రికార్డింగు వంటింట్లోనే. డ్యూటీకి పోయే ముందు కుక్కర్ పొయ్యి మీద పెట్టి, ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పాడుతుంది. వేరే టైము దొరకదు. మొదట్లో కుక్కర్ కూత పాటలో దూరిందని మళ్ళీ మళ్ళీ పాడి విసిగిపోయింది. చివరికి, ఎటూ అది నోరు మూసుకోదని, గిటారునే కుక్కర్ కూతకు శ్రుతి చేసుకుంది. అప్పటినుంచి ప్రతి పాటా ఒక కూతతో మొదలవుతుంది. నాకు ఆ కూత వింటేనే ప్రాణం లేచి వస్తుంది.

ఆ రోజు "కొత్త బ్లూస్ అయిపోయింది" అని దాని మెసేజ్ వచ్చేసరికి నేను మిషను మీద ఉన్నాను. పక్కన నిలబడ్డ ఒకావిడ నా ఫోన్‌లోకి తొంగి చూసి, "కొత్త బ్లౌజు అయిపోయిందంటాండారే, నాదేనా మ్మా?" అంది. నాకు ఒళ్ళు మండింది. "మీది కాదు, అది పాట. ఊరికే పక్కోళ్ళ ఫోన్లు సూడగాకండి" అని, ఆమె ముందే పాట పెట్టాను.

పాట వాళ్ళ నాన్న మీద. ఆయన పాలబండి నడిపేవాడు. కుప్పం చుట్టుపక్కల పల్లెల పాలన్నీ ఎత్తుకొని పలమనేరు డెయిరీకి వేసి, తెల్లారేసరికి ఇల్లు చేరేవాడు. వీధి మలుపులో హారన్ కొట్టడం ఆయన అలవాటు, లేచి కాఫీ పెట్టమని పెళ్ళానికి కబురన్నమాట. "ఈదంతా లేపుతాండావు, కొట్టగాకప్పా" అని ఆమె రోజూ తిట్టేది. ఆయన రోజూ కొట్టేవాడు. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. సెలవులకు కుప్పంలో వాళ్ళింటికి పోయినప్పుడల్లా ఆ హారన్‌కు ఉలిక్కిపడి లేచినదాన్ని నేను కూడా. అందుకే పాట మొదలవగానే నా కాలు మిషను తొక్కడం మరిచిపోయింది.

మలుపు తిరిగే బండ్లన్నీ హారన్ కొడతాండాయి,
మలుపు తిరిగే బండ్లన్నీ, నాయినా, హారన్ కొడతాండాయి...

మూడో వరుసకు మాట లేదు. ఉత్త గిటారు. తీగను పట్టి లాగి లాగి వదిలింది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ లోపలికి దూసుకొచ్చి, "ఎవురు మే పోయింది? మీ అత్తేనా?" అంది. లోపల పడుకొని ఉన్న మా అత్త, "నేను బాగానే ఉండాను!" అని అరిచింది. నాకు కోపం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. ఎవరూ పోలేదనీ, ఇది నా స్నేహితురాలు పాడిన పాటనీ చెప్పాను.

"పాటా? సావు లేకుండా ఇంత బాగా యాల ఏడస్తాండాది?" అంది పెద్దమ్మ.

పాటకు అంతకంటే మంచి మెప్పు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. పెద్దమ్మది సదుం పక్క పల్లె. అక్కడి ఆడవాళ్ళు శవం పక్కన కూర్చొని తీసే శోకాలు విని పెరిగింది. గడప మీద కూలబడి పాట మొత్తం మళ్ళీ పెట్టించుకొని వింది. విన్నాక, "అంతా బాగుండాది గానీ, ఆ మూడో మాట యాల మింగేసింది? శోకంలో మాట మింగగూడదు మ్మా. గొంతులోనే ఉండిపోతాది" అంది.

సాయంత్రం ఫోన్ చేసి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అది పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా అమ్మ గూడా శోకమే అనింది మే," అంది. "నేనే ఫోన్లో పాట పెట్టినా. మొదటి మాటకే ఆపమనింది. ఇంట్లో శోకాలు తీస్తాండావా, సిగ్గు లేదా అనింది. గిటారు చర్చిలో ఇచ్చేస్తాండాను. ఇంగ పాడను."

"నోరు ముయ్యి," అన్నాను. నా నోరు అంతే. ఊళ్ళో అందరికీ తెలుసు. "కడ దాకా ఇనకుండా వద్దనేదేంది? ఆదివారం కుప్పం పోతాండాం. గిటారు ఎత్తుకొని రా."

"కడ దాకా ఇని గూడా వద్దంటే?"

"ఇంగ నిన్ను పాడమని సచ్చినా అడగను."

మాట అయితే ఇచ్చేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. దీనికి రచ్చ గెలవాలనే ఆశ ఎన్నడూ లేదు. పాటలు పంపేది నాకొక్కదానికే. గెలవాల్సింది ఆ ఒక్క ఇంటినే, ఆ ఒక్క మనిషినే. ఆమె వద్దంటే ఇది నిజంగానే మానేస్తుంది. దాని మొండితనం నాకు తెలుసు.

ఆదివారం అది మదనపల్లెలో బస్సెక్కి, పక్క సీట్లో కర్చీఫ్ వేసి నాకోసం పెట్టింది. నేను పుంగనూరులో ఎక్కాను. గిటారు సంచి మా ఇద్దరి మోకాళ్ళ మీద అడ్డంగా పడుకుంది. కండక్టరు చూసి, "ఏందిమ్మా అది, వీణా? సంగీతం మేడమ్‌లా మీరు?" అన్నాడు. "ఈమె సూదులేసే మేడం, నేను సూది దారం మేడం. టికెట్ కొట్టప్పా" అన్నాను. అప్పటిదాకా బిగుసుకొని కూర్చున్నది కాస్త నవ్వింది.

పలమనేరులో బస్సు మారాక, మామిడి తోటలు మొదలైనచోట, అది నాకు ఇన్నేళ్ళూ చెప్పని మాట చెప్పింది. వాళ్ళ అమ్మమ్మది పెద్దమండ్యం పక్క పల్లె. కూలికి పోయేది. శోకాలు తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరని, చావు జరిగితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి పిలుచుకొని పోయేవాళ్ళట. బళ్ళో పిల్లలు దీని అమ్మను "ఏడుపుదాని కూతురు" అని ఏడిపించేవాళ్ళట. ఆమె పెరిగి పెద్దదై, మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, చర్చికి పోయి, ఆ పేరు వదిలించుకుంది. భర్త పోయినప్పుడు కూడా ఎవరినీ శోకాలు తీయనివ్వలేదు. కీర్తనలే పాడించింది. తను మటుకు గట్టిగా ఏడవనే లేదు.

"ఇప్పుడు నేను పోయి ఆయమ్మ ముందర అదే గొంతు తీస్తే ఎట్ల ఉంటాది సెప్పు," అంది.

ఆ బస్సు డ్రైవరు ప్రతి మలుపులోనూ హారన్ కొడుతున్నాడు. అది ప్రతిసారీ కిటికీ వైపు తిరుగుతోంది.

కుప్పంలో వాళ్ళమ్మ ఒక హాస్టల్లో వంట చూసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే ఆమెకు తీరిక. చర్చినుంచి వచ్చి, తెల్లచీర కూడా మార్చుకోకుండా రాగి సంగటి గెలికి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టింది. మేము తిన్నాక చాప మీద కూర్చొని, హాస్టల్‌కని తెల్లగడ్డలు, అదే వెల్లుల్లి, వలవడం మొదలుపెట్టి, గిటారు వైపు చూసి అడిగింది.

"దాన్ని యాల మోసుకొస్తివి?"

నా స్నేహితురాలు తల వంచుకుంది. నేనే అందుకున్నాను. "అమ్మా, ఒక్కసారి కడ దాకా ఇనండి. ఆనక తిట్టండి. కావాలంటే నన్ను గూడా తిట్టండి."

"నిన్ను తిట్టేది ఎప్పుడూ ఉండేదే," అంది ఆమె. వద్దని మటుకు అనలేదు.

అది గిటారు తీసి తీగల చెవులు తిప్పుతూ, "కుక్కర్ లేకుంటే శ్రుతి కుదరదే" అని గొణుక్కుంది. "కుక్కర్ ఏంది?" అని ఆమె అడిగితే, జరిగే సంగతంతా చెప్పింది. ఆమె నవ్వలేదు. ఇంకో తెల్లగడ్డ తీసుకుంది.

పాట మొదలైంది. మొదటి చరణం కాస్త వెక్కిరింపుది.

సద్ది కట్టి పంపిస్తే దోవలో బోండా తింటివి,
సద్ది కట్టి పంపిస్తే, నాయినా, దోవలో బోండా తింటివి,
సుగర్ వచ్చెనంటే డాక్టరుదే తప్పంటివి.

"ఆపు," అంది వాళ్ళమ్మ.

అది గిటారు మీద అరచెయ్యి పెట్టి ఆపేసింది.

"బోండా యాడిది? ఆయప్ప బోండా ముట్టుకునింది యాడన్నా సూస్తివా? ఆయప్ప తినేది మసాలా వడ. మనిషి పోయినాక అబద్ధాలు పాడగూడదు. మా అమ్మ ఒక్క మాట తప్పు పాడేది గాదు." తెల్లగడ్డ పొట్టు చేటలోకి విసిరికొట్టింది. "ఊఁ, మళ్ళా పాడు."

మా ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. అది బోండా తీసేసి వడ పెట్టి మళ్ళీ పాడింది. ఆమె తల ఊపింది. తర్వాత హారన్ చరణం వచ్చింది.

మలుపు తిరిగే బండ్లన్నీ హారన్ కొడతాండాయి,
మలుపు తిరిగే బండ్లన్నీ, నాయినా, హారన్ కొడతాండాయి...

మాట ఆగింది. గిటారు ఒక్కటే మిగిలింది. తెల్లగడ్డలు వలిచే చేతులు కూడా ఆగాయి. ఆమె మా వైపు చూడలేదు. తలుపు వైపు, బయట వీధి మలుపు వైపు చూస్తూ, పోట్లాటకు దిగినట్టు, గొంతు పైకెత్తింది.

కొట్టొద్దంటే యానాడూ ఇనకపోతివి, ఇప్పుడు యాల ఇంటివి నా మాట?

నా స్నేహితురాలు గట్టిది. గిటారు ఆపలేదు. అవే తీగలు మళ్ళీ తిప్పి, మొదటి వరుసకు వచ్చి, రెండో వరుస పాడి, మూడో దాని దగ్గర తను ఆగింది. ఈసారి వాళ్ళమ్మ ఆ మాటను రాగంలోనే తీసింది. చివర "యాల" అనేదాన్ని పట్టుకొని సాగదీసింది. అది ఆమె నేర్చుకున్నది కాదు, విని విని దాచిపెట్టుకున్నది. ఆమె పెద్దమండ్యం పల్లెలో ఎవరి కూతురో అప్పుడు నాకు తెలిసింది.

ఏడ్చింది. భర్త పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది. తెల్లగడ్డలు వలిచిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంటే అవి ఇంకా భగ్గున మండాయి. దానికి కూడా ఆయన్నే తిట్టింది. "పోయినాక గూడా కండ్లు మండిస్తాండావే, నీ పాడుగాను" అంది. తిట్టే నోరు ఊరుకోదని ఊరికే అనలేదు. నేనూ ఏడ్చాను, నవ్వాను. రెండూ కలిసి వస్తే ముక్కు తప్ప ఏమీ తుడుచుకోలేం.

కాసేపటికి, ఊరుకోలేక, "ఇంగ పాడొద్దంటారా అమ్మా?" అన్నాను.

ఆమె చేట పక్కకు జరిపి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, లోపలికి పోయింది. నా స్నేహితురాలు గిటారును ఒళ్ళో అట్లాగే పట్టుకొని కూర్చుంది. లోపల గిన్నెల చప్పుడు, కొళాయి నీళ్ళ చప్పుడు వినిపించాయి. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"కుక్కర్ పెట్టినా," అని వంటింట్లోంచి ఆమె గొంతు. "కూత రాంగానే శ్రుతి సూసుకో. ఫోన్ యాడ పెట్టాల్నో సెప్పు, పప్పు డబ్బా ఈడనే ఉండాది."