బామ్మర్ది చేతిలో మోకు

పత్తికొండకు పడమటగా ఉన్న మా ఊళ్లో బావి తవ్వడమంటే మన్ను తియ్యడం కాదు, రాయి పగలగొట్టడం. లోతున రాతిలో బెజ్జాలు వేసి, తూటాలు కూరి, వత్తి ముట్టించాలి. అది కాలిపోయేలోపు ముట్టించినవాడు పైకి రావాలి. జట్టంతా ముందే దూరంగా రాతిగుండ్ల చాటుకు పోతుంది. గట్టున మిగిలేది ఒక్కడే, గిలక మీది మోకు పట్టి లోపలివాణ్ణి లాగేవాడు. ఆ ఒక్కడు ఎవరన్నదానికి మావాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. లోపలికి దిగినవాడి పెళ్లానికి తోడబుట్టినవాడే మోకు పట్టాలి. సొంత అన్నదమ్ములను కూడా నమ్మేవారు కాదు, పంపకాల తగాదాలు ఉంటాయి కదా. బామ్మర్ది మాత్రం తన అక్క తాళి తానే తెంచడని నమ్మకం. నల్లమలలో తేనె తీసే చెంచులకూ ఇలాంటి పద్ధతే ఉందని విన్నాను. మావాళ్లు వాళ్ల దగ్గర నేర్చారో, సొంతంగానే భయపడ్డారో నాకు తెలియదు.

మా జట్టులో వత్తి ముట్టించేవాడు పుల్లయ్య. అతని భార్య ఈరక్క. ఆమె తమ్ముడు కంబన్న మోకు పట్టేవాడు. కంబన్న ఎత్తరి కాదు గాని భుజాలు గట్టివి, నోరు ఇంకా గట్టిది. బావను లాగుతూ లాగుతూ సగంలో ఆపి, పైకి రావాలని ఉందా, లేక అక్కకు ఏమైనా చెప్పమంటావా అని అడిగేవాడు. లోపలినుంచి పుల్లయ్య బూతులు తిట్టేవాడు. గుండ్ల చాటున జట్టు కడుపు పట్టుకుని నవ్వేది. అంత ధీమా ఆ చేతుల మీద, అందరికీ.

కర్నూలు రాజధాని అయి, గుడారాల్లో కచేరీలు నడుస్తున్న ఏడాది ఇదంతా మొదలైంది. మొదట కంబన్నకు సాయంత్రమయ్యేసరికి కంటిరెప్ప వాలేది. సారా తాగాడన్నారు. తరువాత మాపటి పూట జొన్నరొట్టె నమల్లేకపోయాడు. నాలుగు ముద్దలకు దవడ అలిసిపోయేది, చేత్తో గడ్డం పట్టుకుని నమిలేవాడు. అతని భార్య సుంకులమ్మ రొట్టెను మజ్జిగలో నానేసి పెట్టేది. తెల్లారి లేస్తే మళ్లీ మామూలు మనిషే. పొద్దున పులి, మాపున పిల్లి అని జట్టులో పాట కట్టారు.

అతను మట్టి గంపలు ఎత్తడం మానేశాడు. పొద్దంతా రేగుచెట్టు కింద కూర్చుని, పుల్లయ్య వత్తి ముట్టించే వేళకు మాత్రం లేచి వచ్చి మోకు అందుకునేవాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మా జట్టు గోపన్న వినపడేలాగానే అన్నాడు. నాకిప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్లు మండుతుంది. చేతుల్లో ఉన్న కాస్త సత్తువను గంపల మీద ఖర్చు పెట్టకుండా బావ కోసం దాచుకుంటున్నాడని ఒక్కరికీ తట్టలేదు. ఊరి నోటికి బుద్ధి తక్కువ, చప్పుడు ఎక్కువ.

తాయెత్తులు కట్టారు, సందెగాలి సోకిందని వేపమండలతో దిగదుడిచారు. ఏదీ పనిచెయ్యక, చివరికి సుంకులమ్మే పోరి అతన్ని కర్నూలు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

డాక్టరు అతన్ని పిడికిలి మూసి తెరవమన్నాడట. మూస్తూ తెరుస్తూ పోగా, కాసేపటికి వేళ్లు సగంలో నిలిచిపోయాయి. అప్పుడు సూది వేశాడు. ఇంకాసేపటికి వాలిన రెప్ప లేచింది, పిడికిలి బిగిసింది. కంబన్న కుర్చీని ఒంటిచేత్తో పైకెత్తి నవ్వాడట. డాక్టరు నవ్వలేదు. ఆ సత్తువ పూట కూడా నిలవదని చెప్పాడు. కష్టం చేస్తే అలుపు అందరికీ వస్తుంది, కండలోని బలం తరుగుతుంది, ఇక చాలని మెదడు కూడా వెనక్కి లాగుతుంది. ఇతని సంగతి వేరు. మెదడు చెప్పిన మాటను నరం మోసుకొస్తుంది, కానీ నరం కొస కండను తాకే చోట ఆ మాట సరిగా అందడం లేదు. తలారి ఎంత అరిచినా చెవిటివాడికి దండోరా ఎక్కనట్టు. మొదటిసారి చెప్తే కండ వింటుంది, పదేపదే చెప్తే వినదు, కాసేపు ఊరుకుంటే మళ్లీ వింటుంది. ఊపిరి పీల్చేది కూడా కండలే కాబట్టి, మింగడం కష్టమైనా ఊపిరి చాలకపోయినా ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నాడు. మాత్రలు మద్రాసు నుంచి తెప్పించాలన్నాడు. మోకు మాత్రం ముట్టవద్దన్నాడు.

తిరుగు బస్సులో కంబన్న దారంతా పిడికిలి మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడట. ఊరు చేరేసరికి రెప్ప వాలిపోయింది.

మర్నాడే బావ ఇంటికి పోయి, వేరే మనిషిని చూసుకోమన్నాడు. పుల్లయ్య నమ్మలేదు. కష్టం చేసేవాడికి అలుపు రోగమేమిటని తీసిపారేశాడు. ఈరక్క అయితే తమ్ముడి మీద కోపం చేసింది.

"నా తమ్ముని చెయ్యి కాకుండా వేరే చెయ్యికి నా మొగుణ్ణి నేను అప్పజెప్పను," అంది.

"మోకు వదలల్లని నాకు ల్యాదక్కా. చెయ్యే వదులుతాండాది," అన్నాడు కంబన్న.

ఆమె ఏడ్చింది. అతను సరేనన్నాడు. అక్క ఏడుపు ముందు డాక్టరు మాట ఎంత?

మాత్రలు రాలేదు. వేసవి ముదిరింది. కంబన్న గొంతు సాయంత్రానికి ముక్కుతో మాట్లాడినట్టు మారిపోయేది, మాట చివర గాలి చాలేది కాదు. నీళ్లు తాగితే పొలమారేది. సుంకులమ్మ కనిపించిన వాళ్లందరికీ డాక్టరు మాట చెప్పింది. రెస్టు తీసుకుంటే సర్దుకుంటుందిలే అన్నారందరూ. సర్దుకుంటోంది కూడా, వచ్చిన చిక్కల్లా అదే.

ఆ రోజు మధ్యాహ్నం ఒక వరస తూటాలు పేలాయి. కంబన్న బావను బాగానే లాగాడు. పొగ తగ్గాక చూస్తే అడుగున రాయి చెమర్చింది. జట్టుకు పూనకం వచ్చినట్టయింది. ఇంకొక్క వరస వేస్తే నీళ్లు పడతాయన్నాడు పుల్లయ్య. రేపు పొద్దున వేద్దామని కంబన్న బతిమాలాడు. నీళ్ల మొహం చూడక ఎన్నాళ్లయిందో, ఎవరూ ఆగలేదు. పొద్దు వాలుతుండగా పుల్లయ్య దిగాడు, జట్టు గుండ్ల చాటుకు పోయింది.

అక్కడినుంచి మాకు కంబన్న కనిపిస్తూనే ఉన్నాడు. వత్తి అంటుకుందని లోపలినుంచి కేక వచ్చింది. కంబన్న లాగాడు, మళ్లీ లాగాడు. తరువాత చేతులు నిలిచిపోయాయి. ఎగతాళికి ఆపాడనుకుని ఒకరిద్దరు నవ్వారు కూడా. అతను చేతుల్లోని మోకు జారకుండా ఒళ్లు తిప్పుకుంటూ ఛాతీకి చుట్టుకున్నాడు. బావికి వీపు పెట్టి, తవ్విపోసిన రాళ్లగుట్ట వాలు మీదుగా కిందికి నడిచాడు, మోట లాగే కపిలెద్దు బాట దిగినట్టు. మధ్యలో మోకాళ్లు మడతపడ్డాయి. ముందుకు పడి, తన బరువుతోనే రాళ్ల మీద జారిపోయాడు. ఆ బరువుకు పుల్లయ్య గట్టు మీదికి వచ్చి పడ్డాడు. అతను లేచి పరిగెత్తాక బావి పేలింది.

మేమంతా కంబన్న దగ్గరికి ఉరికాం. మోకు విప్పాం. పేలిన రాయి ఏదీ అతనికి తగల్లేదు. కళ్లు సగం మూసి ఉన్నాయి, పెదాలు కదిలాయి, మాట రాలేదు. పుల్లయ్య తన తలపాగా మడిచి అతని తల కింద పెట్టాడు. పడుకోనీండి, సర్దుకుంటాడు అన్నాడు. ఎండ మొహాన పడుతోందని గోపన్న తన తువ్వాలు కప్పాడు. ఎగతాళి చేసినవాళ్లమే అప్పుడు ఎంత ప్రేమగా చూసుకున్నామో చెప్పలేను. ఎవరూ గట్టిగా మాట్లాడకుండా, అతన్ని కదిలించకుండా, నీళ్లు పడ్డాయేమో చూద్దామని బావి దగ్గరికి పోయాం. పడ్డాయి.

సుంకులమ్మ పేలుడు విని ఊళ్లోనుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. తువ్వాలు తీసింది. అతని నోటి దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి తగల్లేదు. అతని తలను ఒళ్లోకి తీసుకుని కూర్చుంది.

జనం చేరారు. బావకు ప్రాణం పోసి పోయాడని, అక్క పసుపుకుంకుమలు నిలబెట్టాడని, అలాంటి బామ్మర్ది ఏడు జన్మలకైనా దొరకడని ఒకరి తరువాత ఒకరు అన్నారు. పుల్లయ్య ఆమె ముందుకు వచ్చి ఏదో చెప్పబోయాడు. సుంకులమ్మ తలెత్తింది.

"వదినె తాళి తెగగూడదని కట్టుబాటు పెట్టుకున్యారు, మంచిదే అన్నా. మోకు పట్టినోని పెండ్లాము మెళ్లో ఉండేది మీకు ఎందుకు కనపడల్యా?"

ఈరక్క మరదలి దగ్గరికి ఒక అడుగు వేసి, ఆమెను ముట్టుకోవడానికి ధైర్యం చాలక అక్కడే నిలబడిపోయింది.