గుంట మగ్గం మీద పెట్టిన సంతకం

మా వీధిలో మగ్గం మీద కూర్చున్న మనిషిని లేపరు. గుంటలోకి కాళ్లు జారవిడుచుకుని నేసే మగ్గాలు మావి. ఒకసారి పైకి లేచామా, మళ్లీ సర్దుకుని చేతికి నేత కుదరడానికి చాలాసేపు పడుతుంది. అందుకే పెళ్లి పిలుపైనా, రేషన్ కాగితమైనా తెచ్చినవాళ్లే గుంట దగ్గరికొచ్చి, వంగి చూపిస్తారు. మేం అడ్డపోగు నడిపే నాడె పక్కన పెట్టి, చెప్పిన చోట సంతకం గీకి, మళ్లీ నాడె అందుకుంటాం. ఆ రోజు నేనూ అలాగే గీకాను. నా కొంప నేనే ముంచుకున్నాను.

మాది విజయవాడ నుంచి బస్సులో గంటన్నర దూరం. కృష్ణా కాలువలు చివరికొచ్చే పల్లపు నేల. రెండు గట్టి వానలు పడితే వీధిలో నీళ్లు ఎటూ కదలవు. నేల కిందుగా ఊరుతూ మా గుంటల్లోకి చేరతాయి. అంతకుముందు వానాకాలం అత్తయ్యా నేనూ చెంబులతో తోడి తోడి నడుములు పోగొట్టుకున్నాం. మగ్గానికి కొత్తగా ఎక్కించిన పడుగు నూలు బూజు పట్టింది. మగ్గం నెల్లాళ్లు ఆగింది. ఆటోనగర్‌లో మెకానిక్ పని చేసే మా ఆయన ఆదివారం ఇంటికొచ్చి అదంతా చూశారు. ఇంకోసారి ఇలాగైతే గుంట పూడ్చేసి, పటమటలో ఏదో ఒక బట్టల షాపులో చేరమని తేల్చి చెప్పేశారు. "నేను చీర నేసేదాన్ని, మడతపెట్టేదాన్ని కాను" అన్నాను. అన్నాను గానీ, లోపల భయమేసింది.

మరుసటి ఏడు పంచాయతీకి నిధులొచ్చాయి, అవి ఒక్క పనికే సరిపోతాయని చెప్పారు. మా వీధి పొడవునా మురుగుకాలువ తీయించడమా, మెయిన్‌రోడ్డు మీద కమ్యూనిటీ హాలు కట్టించడమా అన్నది గ్రామసభలో తేలాలి. సభ రోజు మగ్గం ఆపి వెళ్లాను. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద మెయిన్‌రోడ్డు కొట్లవాళ్లే కూర్చుని ఉన్నారు. మా వీధి నుంచి నేనొక్కదాన్నే.

కార్యదర్శి పుస్తకం తెరిచి, హాలు కావాలని కోరుతూ సంతకాలు పెట్టినవాళ్ల పేర్లు చదివారు. మూడో పేరు నాది. తర్వాతవన్నీ మా వీధివాళ్లవే. వారం కిందట మా వార్డు మెంబరు, వరసకు నాకు బావగారు, గుంట దగ్గరికి తెచ్చిన పుస్తకం అదే! నా చేత్తో నేనే నా కాలువకు అడ్డం పడ్డాను. ఒళ్లు మండిపోయింది, ముందు నా మీద, తర్వాత ఆయన మీద. లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఆ సంతకం నాదేనండీ. చదవకుండా పెట్టాను. నాకు హాలు వద్దు, కాలువ కావాలి."

బావగారు నవ్వారు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎట్టా అమ్మాయ్? చదువొచ్చినదానివి, చూసుకోవద్దూ?"

"చూసుకోకపోవడం నా తప్పే. చెప్పకపోవడం మీ తప్పు కాదా బావగారూ?"

"నువ్వు అడిగితేగా చెప్పేది!"

నిజమే, అడగలేదు. ఆ మాట చురుక్కుమంది. కార్యదర్శి మంచి మనిషి. "సంతకాల మాట అటుంచండి. సభలో ఉన్నవాళ్లు చేతులెత్తి చెప్పిందే తీర్మానం. కానీ మీవాళ్లు ఒక్కరూ లేరు కదండీ. ఒక గంట చూస్తాను, పిలుచుకు రండి" అన్నారు.

పరిగెత్తాను. ఇంటింటికీ దూరి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేశాను. మగ్గాల మీది మనుషుల్ని రెక్క పట్టి లేపాను.

"ఏందే ఈ దూకుడు, పోగు తెగుద్ది!" అని కసిరింది ఎదురింటి వదిన.

"తెగితే అతుకుదాం. గుంట మునిగితే ఏం అతుకుతావ్? లే!"

తిట్టుకుంటూనే వచ్చారు. మోకాళ్ల నొప్పులతో గుడికి కూడా వెళ్లని మా అత్తయ్య సైతం నా భుజం పట్టుకుని వచ్చింది. హమ్మయ్య, గెలిచాం అనుకున్నాను. అప్పుడు కార్యదర్శి ప్లాను చూపించి అసలు మాట చెప్పారు. కాలువకు చోటు చాలదు. రెండు వైపులా అరుగులు, మెట్లు కొట్టేయాలి.

సగం ఎత్తిన చేతులు దిగిపోయాయి. ఇళ్లల్లో ముందుగదంతా మగ్గమే, మాకు కూర్చునే చోటంటూ ఉంటే అది అరుగే. మా అరుగు మామయ్యగారు, అత్తయ్య కొత్తకాపురంలో ఇటుకలు మోసి కట్టుకున్నది. మామయ్యగారు పోయాక ఆవిడ సాయంత్రాలన్నీ దాని మీదే. ఆవిడ అరుగుని ఇచ్చేయమనడానికి నేనెవర్ని?

"పిన్నీ, నీ అరుగు కూడా పోద్ది. ఆలోచించుకో" అన్నారు బావగారు.

అత్తయ్య ముందున్న కుర్చీ పట్టుకుని లేచింది. "అరుగు మీద కూచుంటే నాకు పొద్దు పోద్దిరా. గుంటలో కూచుంటే మాకు కూడు దొరుకుద్ది. కొట్టెయ్యమను" అని చెయ్యెత్తింది. ఆ వెనక వదిన ఎత్తింది. తర్వాత వీధి వీధంతా ఎత్తింది. కార్యదర్శి రెండుసార్లు లెక్కపెట్టుకుని కాలువ అని రాసుకున్నారు.

వానలకు ముందే కాలువ పూర్తయింది. ఆ ఏడు మగ్గం ఒక్కరోజు కూడా ఆగలేదు. గుంట పూడ్చే మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. పని మొదలైన నాటి పొద్దు మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. కూలీలు ఇంకా వీధి మొదట్లోనే ఉండగా అత్తయ్య గునపం తెమ్మంది.

"వాళ్లొచ్చి కొడతారు కదా, మీకెందుకు అత్తయ్యా?"

"ఎవరో కొడితే చూళ్లేనే. నేను కట్టుకున్నది నేనే కొట్టుకుంటా."

మొదటి దెబ్బకు సిమెంటు పెచ్చు లేచింది. రెండో దెబ్బకు ఇటుక ఊడింది. ఆవిడ ఏడుస్తూనే మూడో దెబ్బ వేసింది.