చిక్కుడు పాదుకు పేను

నిన్న బాల్కనీ కుండీలోని చిక్కుడు తీగ మీద నల్లటి పేనుబంక కనిపించగానే, నందిగామలో మా పెరటి పందిరి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. చలికాలం. అమ్మ పందిరి కింద నిలబడి, "పాదుకు పేను పట్టింది" అంది. తలలో పట్టే పేనే అనుకుని, ఆమె కూలికి వెళ్లగానే పేల దువ్వెన తెచ్చి తీగలన్నీ దువ్వాను. పూత సగం రాలిపోయింది.

సాయంత్రం అమ్మ రాలిన పూలు చూసింది, నా చేతిలో దువ్వెన చూసింది. తిట్టలేదు. "దీనికి దువ్వెన కాదమ్మా, బూడిద చల్లాలి" అంటూ పొయ్యి బూడిద పల్చటి గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. అమ్మ చెప్పినట్టే మర్నాటి నుంచి రోజూ మంచు ఆరకముందే లేచి ఆకాకు మీదా దులిపేదాన్ని. కొన్నాళ్లకు పాదు తేరుకుని మళ్లీ పూసింది.

అమ్మ కూలికి వెళ్లే ఆసామి భార్య ఒకరోజు మా పందిరి చూసి ఆగింది. "మా పాదంతా పోయింది. నువ్వేం చేశావే?"

"నాదేం లేదండీ. అంతా మా అమ్మాయే చేసింది, దాన్నడగండి" అంది అమ్మ.

ఆకు తడిగా ఉంటేనే బూడిద అంటుకుంటుందని నేను తలెత్తి చెప్పాను. అంత పెద్దావిడ చివరిదాకా విన్నది.

ఆ కిటుకు అమ్మదేనని ఆవిడకీ తెలిసే ఉంటుంది. ఆ పూట మాత్రం అమ్మ దాన్ని నాకే వదిలేసి, పక్కన నిలబడి నన్నే చూస్తూ ఉంది.