మేక తిన్న వారం

మా వదిన దగ్గర నవలలు అడిగి తీసుకుని చదివిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారములు.

మా వదిన ఇక లేరు. పదిహేను రోజుల కిందట తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి అవస్థపడ్డ మనిషి చివరికి ఏ బాధా లేకుండా వెళ్లిపోవడం మాకందరికీ కొంత ఊరట.

ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు ఆమె మోకాళ్లను వంగనివ్వలేదు కనుక, పనులన్నీ ఎత్తుపీట మీద కూర్చునే చేసేవారు. వారపత్రికల్లోని సీరియల్ పేజీలను కత్తిరించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేవారు. దేవరకొండలో మా వీధికంతటికీ అదే గ్రంథాలయం. వ్యాకరణమూ ప్రబంధాలూ బోధించిన నేను మాత్రం ప్రేమ నవలను ముట్టుకునేవాణ్ణి కాదు.

కరోనా కాలంలో శాఖా గ్రంథాలయానికి తాళం పడింది. ఇంట్లోని పుస్తకాలు అయిపోయాయి. ఒక మధ్యాహ్నం వదిన పీట పక్కన ఆమె కుట్టిన పుస్తకం ఒకటి తీశాను. నాయిక టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగిని. నాయకుడికి విత్తనాల దుకాణం. తప్పులు దిద్దుదామని పెన్సిలు పట్టుకుని మొదలుపెట్టాను. సాయంత్రానికి ఆ పెన్సిలు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు.

ఒక వారం భాగం చివర ఆ అమ్మాయి అలిగి బస్సెక్కింది. పేజీ తిప్పితే, అతని ఇంట్లో నవ్వుతూ అనపకాయలు ఒలుస్తోంది! నడుమ ఏం జరిగిందో లేదు.

"వదినా, ఇందులో ఒక భాగం లోపించింది."

"మేక తిన్నది మరిదీ. నేను సదివి అరుగు మీద పెట్టిన, అది నమిలింది."

"మరి కథ?"

"అందరు గీడికొచ్చి ఆగి నా కాడికే వస్తరు. జర గా అనపకాయలు ఒలువు, చెప్త."

ఒలిచాను. బస్సు పంచరైందట. ఆమె మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని అతను సైకిల్ మీద వచ్చాడట.

"'కోపం పోయిందని రాలే, నువ్వు తినకుండ పోయినవని వచ్చిన' అన్నడు మరిదీ. గంతే, బస్సు దిగింది."

"టైరు సరిగ్గా అప్పుడే పగలడం కథానిర్మాణంలో దోషం" అన్నాను.

"దోషమైతే కండ్లెందుకు తుడుసుకుంటున్నవ్?"

కర్మకాండ ముగిసిన మరునాడు, మా వీధి అంగన్‌వాడీ టీచరు ఆ పుస్తకంతో గుమ్మంలో నిలబడింది.

"సారూ, మేక తిన్న కాడికి వచ్చిన. పెద్దమ్మ లేకపాయె. ఇగ గా కథ పోయినట్టేనా?"

నాకూ అదే భయం పట్టుకుంది. ఆ పత్రిక ఏనాడో మూతపడింది. ఆ భాగం ఇన్నాళ్లూ వదిన నోటనే ఉంది. గొంతు సవరించుకున్నాను.

"అప్పుడా యువకుడు ద్విచక్రవాహనమును అధిరోహించి..."

"అట్ల గాదు సారూ. మా అమ్మకు పెద్దమ్మ ఎట్ల చెప్పిందో గట్ల."

"గప్పుడు బస్సు పంచరైంది" అన్నాను.

ఆ తరువాతి మాటలన్నీ వదిన చెప్పిన వరుసలోనే, ఆమె గొంతుతోనే వచ్చేశాయి. ఒక్కటీ పోలేదు. గుండెల మీద బరువు దిగిపోయింది.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. నాయిక బస్సెక్కిన చోటికి చేరినవారు మా ఇంటికి రండి. వదిన పీట పక్కన చాటలో అనపకాయలు పోసి ఉంచాను, వినేవారు ఒలవాలి.

మన వీధిలో చూపు తగ్గినవారికి, చదువు రానివారికి ఈ ఉత్తరాన్ని బిగ్గరగా చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను. వదిన మాటలు వచ్చినచోట మాత్రం ఏదీ దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టుగా చదవండి.